మునగని ఓడల దీపస్తంభం

గవ్వలదిబ్బ దీపస్తంభం చేసిన నేరం ఒక్కటే. కట్టిన నాటి నుంచి ఆర్పేసిన నాటి వరకు దాని ముందు ఒక్క ఓడ కూడా మునగలేదు.

ఇది నేరమని గవ్వలదిబ్బ వాళ్ళకు తెలియదు. గొప్ప అనుకునేవారు. గోదావరి పాయ సముద్రంలో కలిసే చోటికి అవతల, నాలుగు పక్కలా ఉప్పునీళ్ళున్న ఆ దిబ్బ మీద ఉన్నదల్లా ఒక సర్వితోపు, చేపలు ఎండబెట్టే ఇసక, కొన్ని ఇళ్ళు, ఈ స్తంభం. తెల్లదొరల కాలంలో కట్టారు. మొదట దీపం చూసుకోవడానికి వచ్చిన దొర ఇక్కడి దోమల గురించి పైవాళ్ళకు రాసి రాసి, జవాబు రాకపోయేసరికి చేపల పులుసుకు అలవాటుపడి ఇక్కడే ముసలివాడయ్యాడట. ఆ తర్వాత మనవాళ్ళు వచ్చారు. నూనె దీపం పోయి గ్యాసు దీపం వచ్చింది. చివరికి అవతలి ఒడ్డున కరెంటు స్తంభం లేచాక ఇక్కడి దీపం ఆర్పేసి, అద్దాలు ఊడదీసి పట్టుకుపోయారు.

దీపం పోయినా స్తంభానికి పని పోలేదు. మోటారు పడవ దిబ్బకు చేరే దారి ఒక్కటే, నీళ్ళ కింద ఇసక మెరకల మధ్య సన్నటి కాలువ. సముద్రం మీంచి వచ్చేవాడికి ఆ తెల్లటి స్తంభం వెనక ఒంటి తాడిచెట్టు దాక్కుంటే దారి సూటిగా ఉన్నట్టు. తాడిచెట్టు పక్కకు తొంగిచూసిందంటే పడవ మెరక మీదికి పోతున్నట్టు. అందుకే ఏటా ఊరంతా కలిసి ఆల్చిప్పలు కాల్చి సున్నం చేసి, సముద్రం వైపు మొహానికి మాత్రం వెల్ల వేసేవారు. వెనక వైపు ఎవరు చూస్తారని వదిలేసేవారు.

అలాంటి స్తంభానికి చరిత్ర రాస్తామని ప్రభుత్వం నుంచి కబురు వచ్చేసరికి అందరికంటే ఎక్కువ సంబరపడింది పెమ్మాడి ధనమ్మ. ఆమె ఆ దిబ్బకు వార్డు మెంబరు. నామినేషన్ల రోజున మగవాళ్ళంతా వేటకు పోయి ఉండటం వల్ల ఏకగ్రీవంగా ఎన్నికైంది. అయినా ఆ పదవిని మొక్కుబడిగా చూడలేదు. ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకుని మండలాఫీసుకు పోయి, తట్ట దించకుండానే అర్జీ ఇచ్చి, పని అయ్యేదాకా ఆ వాసనతో సహా అక్కడే నిలబడేది. ఆఫీసులో ఆమె పనులు చకచకా అయిపోయేవి.

చరిత్ర రాయడానికి వచ్చినవారు స్మృతి సంపద సంరక్షణ శాఖ సహాయ సంచాలకులు వేమవరపు చిదంబరం గారు. పంట్లాము మోకాళ్ళదాకా మడిచి, గొడుగు పట్టుకుని, దేవుణ్ణి తలుచుకుంటూ నావ దిగారు. స్తంభం నీడలో కుర్చీ వేశారు. ఊరంతా చుట్టూ చేరింది. ఆయన గొంతు సవరించుకుని, ఈ కట్టడ పరిధిలో సంభవించిన నౌకా విపత్తుల వివరములు ఒకటొకటిగా తెలియజేయవలసినదన్నారు.

"ఒక్కటీ మునగలేదండి," అంది ధనమ్మ, తన బిడ్డకు ఫస్టు ర్యాంకు వచ్చినంత గర్వంగా.

చిదంబరం గారి మొహం వాడిపోయింది. పోనీ సగం మునిగినవి ఉన్నాయా అని అడిగారు. లేవన్నారు. గట్టు తగిలి పగిలినవి? లేవు. ఎవరైనా దొర భార్య విరహంతో పైనుంచి దూకిందా? దొరకు పెళ్ళే కాలేదు. ఒకసారి మల్లాడి వాళ్ళ మేక మెట్లెక్కి పైనుంచి పడిపోయిందని ఎవరో గుర్తుచేశారు గానీ, అది కట్టడం నిర్వహణ లోపం కిందికి వస్తుంది తప్ప చరిత్ర కిందికి రాదని ఆయన విచారంగా తోసిపుచ్చారు.

ఆ తర్వాత మార్గదర్శకాలు వివరించారు. శాఖ వారు పాత కట్టడాలన్నిటినీ వర్గీకరిస్తున్నారు. కోటకు యుద్ధం ప్రాతిపదిక. సమాధికి శవం ప్రాతిపదిక. దీపస్తంభానికి ప్రమాదం ప్రాతిపదిక. అది ఉంటే రక్షిత వర్గం, లేకపోతే రద్దు వర్గం. రద్దు వర్గంలోని కట్టడాల రాళ్ళను ఊడదీసి పట్నం బీచి దగ్గర జనం కూర్చుని ఫొటోలు దిగే గోడకు వాడతారు.

ధనమ్మ గుండెలో రాయి పడింది. ఆమె మొగుడు వీర్రాజు ఆ కాలువలోంచే వేటకు పోతాడు, ఆ స్తంభాన్ని చూసుకునే ఇంటికి వస్తాడు. ఊళ్ళో ప్రతి ఇంటి మగవాడూ అంతే.

"దీపం ఉంది కాబట్టే మునగలేదండి బాబూ," అంది.

"దానికి ఆధారమేదమ్మా?" అన్నారు చిదంబరం గారు ఓపిగ్గా. "మునిగిన ఓడకు ఆధారం ఉంటుంది, అడుగున దొరుకుతుంది. మునగని ఓడకు ఆధారం ఎక్కడ దొరుకుతుంది? అది వెళ్ళిపోయింది కదా."

ఉత్తరాన పందిరేవు దీపస్తంభాన్ని ఉదాహరణగా చెప్పారాయన. దాన్ని కట్టిన ఇంజనీరు పొరపాటున కొండకు ఇవతల కట్టాడు. సముద్రంలోంచి చూస్తే దీపం కనపడదు, కొండే కనపడుతుంది. బోలెడు ఓడలు నేరుగా వచ్చి ఆ కొండకే గుద్దుకున్నాయి. అందుచేత అది ఇవాళ అత్యున్నత వర్గంలో ఉంది. చుట్టూ తోట వేశారు, ఆదివారం పూట రంగుల దీపాలు వేసి దాని కథ వినిపిస్తున్నారు, మునిగినవాళ్ళ వారసులకు టికెట్టులో రాయితీ కూడా ఇస్తున్నారు.

"మరి స్తంభం తీసేత్తే మా పడవలు ఎలా వత్తాయండి?" అని అడిగింది ధనమ్మ.

"ఇబ్బందే," అని ఒప్పుకున్నారాయన. "ప్రమాదాలు జరుగుతాయి. జరిగితే ఇచ్చట దీపస్తంభం ఆవశ్యకమని ఋజువవుతుంది. అప్పుడు కొత్తది కట్టవలసిందిగా మా శాఖే గట్టిగా సిఫార్సు చేస్తుంది."

చెడ్డవాడు కాదు చిదంబరం గారు. నావ ఎక్కబోతూ ధనమ్మను పక్కకు పిలిచి, ఒక్క ప్రమాదం చాలన్నారు. ఓడే కానక్కర్లేదు, పడవైనా సరే. మునగకపోయినా సరే, మెరకెక్కినా విపత్తు కిందే లెక్క. పడవ నడిపిన సరంగు పేరు, చూసినవాళ్ళ సాక్ష్యం ఉండాలి. పాతదైనా ఫరవాలేదు, ఆమోదానికి తమ డైరెక్టరు గారు వచ్చే లోపు గుర్తు చేసుకోమన్నారు. గుర్తు చేసుకోవడం అనే మాటను రెండుసార్లు ఒత్తి పలికారు.

ధనమ్మకు అర్థమైంది. ఒక అబద్ధం ఆడాలి, అంతే కదా. మండలాఫీసులో ఆమె అంతకంటే పెద్దవే ఆడి ఉంది. సాయంత్రం ఊరిని సర్వితోపులో కూర్చోబెట్టి, చనిపోయినవాళ్ళలో ఎవరో ఒకరు పడవను మెరకెక్కించారని రాయిద్దాం, ఎవరిని పెడదామో చెప్పండి అంది.

అందరూ తలలు దించుకుని ఇసకలో గీతలు గీయసాగారు.

ఆ తీరం పద్ధతి తెలియనివాళ్ళకు ఇది వింతగా ఉండవచ్చు. పడవను మెరకెక్కించిన సరంగు ఊరందరికీ భోజనం పెట్టాలి. అది పెద్ద బాధ కాదు. బాధంతా పేరుతోనే. ఆ రోజు నుంచి ఆ ఇంటివాళ్ళను ఇంటిపేరుతో ఎవరూ పిలవరు, మెరకెక్కినోళ్ళు అంటారు. మునిమనవరాలి పెళ్ళిచూపుల్లో కూడా ఆ పేరే ముందు వచ్చి కూర్చుంటుంది. తీరం వెంబడి ఊరికో రెండు కుటుంబాలు ఇలాంటివి ఉన్నాయి. గవ్వలదిబ్బలో మాత్రం ఒక్కటీ లేదు. స్తంభం పుణ్యమా అని ఊరంతా పరువుగా బతికింది. ఇప్పుడు ఆ స్తంభం బతకాలంటే ఎవరో ఒకరి పరువు పోవాలి.

అందరికంటే పెద్దవాడు ఓలేటి పోలయ్య ముందుగా తేరుకున్నాడు. "మా నాయన తుపానులో కూడా పడవని కాలవలోంచే తెచ్చాడు. ఆయన్ని ఇప్పుడు నువ్వు మెరకెక్కిత్తానంటావేంటే పిల్లా?"

వేరేవాళ్ళ తాతలూ అంతే. ఒకరి తాత కళ్ళు మూసుకుని కాలువ దాటేవాడు. ఇంకొకరి తాత నిద్రపోతూ దాటేవాడు. పిల్లాజెల్లా లేకుండా పోయినవాడు ఎవడైనా ఉంటే వాడి పేరు పెడదామని ఒకావిడ ఉపాయం చెప్పింది. అలాంటివాడు దొరికాడు గానీ, ఆ దిబ్బ మీద అందరూ అందరికీ చుట్టాలే కాబట్టి, ఆ రాత్రికల్లా అతనికి బోలెడు మంది వారసులు పుట్టుకొచ్చి అభ్యంతరం చెప్పారు.

పోనీ దొర పడవ మెరకెక్కిందని రాయిద్దామంటే, మన పులుసు తిన్న మనిషి మీద అభాండం వేయకూడదని పోలయ్య తాత పట్టుబట్టాడు. అయినా ధనమ్మ ఫోను చేసి అడిగింది. స్తంభం ఉద్యోగే స్తంభం ముందు చిక్కుకుంటే అది సిబ్బంది క్రమశిక్షణ వ్యవహారమే తప్ప విపత్తు కాదని చిదంబరం గారు సెలవిచ్చారు.

"ఇంత సెప్తున్నావు గదా, మీ మాంగారి నాయన్నే పెట్టుకో," అంది ఒకావిడ చివరికి.

ధనమ్మ చివాలున లేచింది. మా ఇంట్లో అలాంటివాళ్ళు ఎవరూ లేరంది. ఆ మాట అన్నాక తనకే నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. మీటింగు అక్కడితో ముగిసింది.

ఇంతలో మార్చి నెలాఖరు వచ్చింది. శాఖలో ఆవిష్కరణల పద్దు కింద కొంత సొమ్ము మిగిలిపోయింది, నెల దాటితే మురిగిపోతుంది. దాంతో గుడ్డ కొన్నారు. స్తంభం రక్షిత వర్గమైతే దాని పేరు పలకను డైరెక్టరు గారు ఆవిష్కరిస్తారు. రద్దు వర్గమైతే పడగొట్టే పనుల శిలాఫలకాన్ని ఆవిష్కరిస్తారు. ఏదైనా ఆవిష్కరణ తప్పదు గనక ముసుగు తప్పదు. అయితే ఏ పలకో ఇంకా తేలలేదు కాబట్టి, పలకకు బదులు స్తంభం మొత్తానికే ముసుగు వేయాలని నిర్ణయించారు. ఆవిష్కరించబడు వస్తువు ఆవిష్కరణకు పూర్వం కనబడరాదని నియమం.

గుడ్డ రంగు గురించి ఒక ఉపసంఘం కూర్చుంది. ఎరుపు రాజకీయం, పచ్చ రాజకీయం, కాషాయం మరీ రాజకీయం. నలుపు అశుభం. చివరికి ఎవరికీ అభ్యంతరం లేని ఆకాశనీలం ఖాయం చేశారు. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు ఏటా పెట్టే వేట నిషేధం మొదలై మోటారు పడవలన్నీ ఒడ్డెక్కిన రోజుల్లో పనివాళ్ళు నావల మీద వచ్చి, పైనుంచి కింది దాకా గుడ్డ చుట్టి, తాళ్ళతో బిగించి పోయారు. ధనమ్మ ఇసకలోకి నడిచిపోయి వెనక్కి తిరిగి చూసింది. ఆకాశం ఉంది, తాడిచెట్టు ఉంది. స్తంభం లేదు.

ఆమె మండలాఫీసుకు తట్టతో పోయింది, పట్నంలో శాఖ ఆఫీసుకు తట్టతో పోయింది. వేట మొదలయ్యే లోపు గుడ్డ తీయించండని వేడుకుంది. ముసుగు వేసే అధికారం తనకుంది గానీ తీసే అధికారం ఆవిష్కర్తకే ఉంటుందని చిదంబరం గారు ముక్కు మూసుకుని విచారం వెలిబుచ్చారు. డైరెక్టరు మణిశేఖరరావు గారు మేలో వస్తారన్నారు. మేలో ఎండలని జూన్‌కు మార్చారు. జూన్ మొదట్లో వారికి మరో పదిచోట్ల ముసుగులు ఉన్నాయి. ఆఖరికి వేట నిషేధం ముగిసిన మర్నాడు ముహూర్తం కుదిరింది.

ఆ తెల్లవారుజామున ఒక్క మోటారు పడవ కూడా నీళ్ళలో దిగలేదు. పోవడం ఎవరైనా పోతారు, తిరిగి రావాలి కదా. రెండు నెలలు వేట లేక గిన్నెలు తోముకుని కూర్చున్న ఊరు, వేట తెరిచిన రోజున కూడా ఒడ్డునే కూర్చుంది. వీర్రాజు వల మీద వల వేసి మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచాడు.

తెల్లవారుతూనే ధనమ్మ కొత్త కోక కట్టుకుని మొగుడి దగ్గరికి వచ్చింది. మా మాంగారి నాయన పేరు ఇచ్చేస్తానంది. స్తంభం పోతే పరువు పెట్టుకుని ఏం చేసుకుంటామంది. ఈ మాట చెప్పడానికి ఆమె వారం రోజులుగా ధైర్యం కూడదీసుకుంటోంది.

వీర్రాజు వల పక్కన పెట్టాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "మా తాత పేరొద్దు. సచ్చినోడు కాదని సెప్పుకోలేడు. నా పేరు సెప్పు. నేనైతే బతికే ఉన్నాను, ఎవరేవన్నా పడతాను."

ఈ మనిషిని తాను పదిమందిలో ఎన్నిసార్లు విసుక్కుందో గుర్తొచ్చి ధనమ్మకు సిగ్గేసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని ఒడ్డుకు నడిచింది.

ఒడ్డున చిదంబరం గారు పూలదండలతో, భోజనాల పొట్లాలతో ముందే సిద్ధంగా ఉన్నారు. డైరెక్టరు గారి లాంచీకి దారి చూపడానికి వీర్రాజును పంపుతానని ధనమ్మ ముందు రోజే చెప్పింది. శాఖ ఆమోదించిన సరంగే ఉండాలన్నది నియమమని ఆయన తిప్పికొట్టారు. ఆ ఆమోదం పొందిన సరంగు పట్నం చెరువులో బోటు షికారు తిప్పేవాడు. దారెలా తెలుస్తుందని అతను అడిగితే, దీపస్తంభం సూటిగా వెళ్ళమని శాఖ వారు రాతపూర్వకంగా ఇచ్చారట.

కాసేపటికి లాంచీ కనపడింది. తోరణాలు, జెండాలు, బాజా. ముందు కుడికి వచ్చింది. తర్వాత ఎడమకు పోయింది. ఆగింది. లాంచీ మీంచి ఎవరో కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని వెతుకుతున్నారు. ఊరంతా చేతులూపి ఎటు రావాలో చూపించింది. స్వాగతం పలుకుతున్నారనుకుని డైరెక్టరు గారు కూడా చెయ్యి ఊపారు. బాజా పెంచారు. లాంచీ వేగంగా, ఠీవిగా వచ్చి నడి మెరక మీద కూర్చుంది. బాజా ఠక్కున ఆగింది.

ఒడ్డున ఉన్న మగవాళ్ళందరి చేతులూ గాల్లోనే ఆగిపోయాయి. ఎవరూ నవ్వలేదు. తమ కళ్ళతో ఇలాంటిది వాళ్ళు ఎన్నడూ చూసి ఉండలేదు.

పాటు మొదలైంది. నీళ్ళు చూస్తుండగానే వెనక్కి పోయి, లాంచీ చుట్టూ ఇసక తేలింది. గవ్వలదిబ్బ వాళ్ళు నావలు తీసుకుపోయి, బాజావాళ్ళను డప్పులతో సహా దింపుకొచ్చారు. డైరెక్టరు గారు మాత్రం సహాయం నిరాకరించి, బూట్లు చేత్తో పట్టుకుని, మోకాలి లోతు నీళ్ళలో హుందాగా నడిచి వచ్చారు. వస్తూనే ఇది ప్రమాదం కాదన్నారు. నౌక తాత్కాలిక నిశ్చల స్థితిలో ఉన్నదని రాసుకోమన్నారు.

చిదంబరం గారి కళ్ళలో మాత్రం ఏదో వెలిగింది. ఆయన ఒకసారి లాంచీ వైపు, ఒకసారి ముసుగు వైపు, ఒకసారి ఊరందరి వైపు చూశారు. పడవ ఉంది. మెరక ఉంది. సాక్షులకు కొదవ లేదు.

ధనమ్మ ముందుకొచ్చి నమస్కారం పెట్టి, తన మొగుడి పేరు చెప్పబోయింది. చిదంబరం గారు చెయ్యి అడ్డం పెట్టారు. ఉద్యోగంలో చేరాక పైవాళ్ళ ముందు ఆయన ధైర్యం చేయడం బహుశా అదే మొదలు.

"సార్, ఆవిష్కరించినవారి పేరు పలక అడుగున, చిన్న అక్షరాల్లో, మంత్రిగారి పేరు కింద వస్తుంది," అన్నారు వినయంగా. "విపత్తులో చిక్కుకున్నవారి పేరు పైన వస్తుంది సార్. పెద్ద అక్షరాల్లో. ఈ స్తంభం మొత్తం చరిత్రలో ఒక్క పేరే ఉంటుంది."

డైరెక్టరు గారు ఆగిపోయారు. రాష్ట్రమంతా తిరిగి ఆయన ఎన్నో ముసుగులు తీశారు. అన్ని పలకల మీదా ఆయన పేరు అడుగునే ఉంది, కొన్నింటిని గడ్డి కూడా కప్పేసింది. బూట్లు కింద పెట్టి, జుట్టు సర్దుకున్నారు.

"పెను విపత్తు అని రాయండి," అన్నారు. "మోకాలి లోతు అని వద్దు. అగాధ జలాలు అనండి."

ఆ పూటే స్తంభం రక్షిత వర్గంలో చేరింది. ఆమోదం అక్కడికక్కడే ఇచ్చారు, సంతకం కింద కొంచెం ఇసక కూడా అంటింది. డైరెక్టరు గారు తాడు లాగారు. ఆకాశనీలం గుడ్డ జారి కుప్పగా పడింది. ఎండలో తెల్లగా మెరుస్తూ స్తంభం మళ్ళీ నిలబడింది. ఊరంతా ఈలలు వేసింది. వీర్రాజు మాత్రం ఈల వేయలేదు, పరుగెత్తుకెళ్ళి పడవకు తాళ్ళు విప్పాడు. ధనమ్మ అతని వెనకే నీళ్ళ దాకా పోయి, పోటుకల్లా వచ్చెయ్యమని చెప్పి, అతని భుజం మీద చెయ్యి వేసింది. అందరి ముందూ అలా చేయడం వాళ్ళ పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

సభకని తెచ్చిన పొట్లాలన్నీ పంచిపెట్టారు. ఊరివాళ్ళు ఇసకలో బారులు తీరి కూర్చుని, ఎవరూ చెప్పకుండానే చాలా పద్ధతిగా తిన్నారు. ప్రజల ఆదరణ ఇంతటిదని డైరెక్టరు గారు పొంగిపోయారు. ఆ భోజనం ఏ లెక్కలో పెట్టారో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

పలక త్వరలోనే వచ్చింది. నల్లరాతి మీద బంగారు అక్షరాలతో చాలా బాగుంది. సముద్రం వైపు బిగిస్తామన్నారు. అక్కడ ఏటా సున్నం కొడతాం, బంగారం పాడైపోతుందని ధనమ్మ ఎంతో బాధపడి చెప్పింది. అందుకని వెనక వైపు బిగించారు.

ఇప్పుడు దిబ్బ వైపు సర్కారు వారి పడవ ఏది వచ్చినా ముందు పోలయ్య తాతే చూస్తాడు. చూపు సరిగ్గా ఆనక, ఎవరిదే పిల్లా ఆ పడవ అని అడుగుతాడు. ధనమ్మ ఎండుచేపలు తిరగేస్తూనే తలెత్తి చూస్తుంది.

"మెరకెక్కినోళ్ళది తాతా," అంటుంది. "కాలవలోంచే వత్తన్నారులే."